శ్రావణంలో కోసిన గిజిగాడి గూడు ఖాళీది కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక ఇంటి అలంకరణ పేజీలో వేసిన ఫొటో చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. బాల్కనీలో వరసగా నాలుగు గిజిగాడి గూళ్లు, ఒక్కోదాంట్లో చిన్న బల్బు, కింద ప్లాస్టిక్ బదులు ఇలా ప్రకృతి వస్తువులు వాడండని సలహా. రాసినవాళ్లకు చెడు ఉద్దేశం ఉందని నేను అనను. పక్షి వదిలేసి పోయిన గూడే కదా, ఇంట్లో పెట్టుకుంటే తప్పేంటని చాలామంది అనుకుంటారు, అమ్మేవాళ్లు కూడా అదే చెప్తారు. కానీ ఆ గూడు ఏ నెలలో కోశారో ఎవరూ అడగరు.

నేనూ అడిగేదాన్ని కాదేమో, కిందటి శ్రావణంలో మా బంధువుల పెళ్లికి వెళ్లకపోయి ఉంటే. మండపం చుట్టూ ఇరవై దాకా గూళ్లు వేలాడదీసి లోపల సీరియల్ బల్బులు పెట్టారు. అందరూ వాటి కింద నిలబడి ఫొటోలు దిగారు, చూడటానికి నిజంగానే బాగున్నాయి. భోజనాల వేళ మా అక్క మనవడు ఒకదాన్ని పట్టుకుని ఊగితే తెగి కింద పడింది. ఎత్తి చూస్తే లోపల రెండు తెల్లటి గుడ్లు, ఒకటి చితికిపోయి ఉంది. పక్క గూడు తీసి చూస్తే ఇంకా రెక్కలు రాని పిల్లలు మూడు, చచ్చిపోయి ఉన్నాయి. పిల్లాడు ఏడుస్తుంటే వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. డెకరేషన్ కుర్రాణ్ని అడిగితే, "చెరువు కట్ట మీది ఈత చెట్లకి నిన్న పొద్దున్నే కోసుకొచ్చాం ఆంటీ, పచ్చగా ఉన్నవి చూసి మరీ తెచ్చాం, పాతవైతే గడ్డి రంగులోకి పోయి అందం రాదు" అన్నాడు.

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. పచ్చగా ఉందంటే అర్థం ఏమిటి? అది కొత్తగా కడుతున్న గూడో, కాపురం ఉన్న గూడో అయి ఉంటుంది. ఖాళీ అయిన పాత గూడు ఎండి గోధుమ రంగుకు తిరుగుతుంది. అంటే అందం కోసం ఏరుకొచ్చినవే పిల్లలున్న గూళ్లన్నమాట.

గిజిగాడు తొలకరి పడ్డాకే పని మొదలుపెడతాడు. మామూలు రోజుల్లో ఊరపిచ్చుక లాగే ఉంటాడు, చాలామంది పిచ్చుకే అనుకుంటారు కూడా, కానీ వానలకు ముందు మగపిట్ట నెత్తి, రొమ్ము పసుపు రంగుకు వచ్చి, ముఖం మీద నల్లటి ముసుగు వేసినట్టు అవుతుంది. ఈ పిట్ట పొడవు జానెడు కూడా ఉండదు. వరి ఆకునో పొడవాటి గడ్డినో అంచు దగ్గర ముక్కుతో గాటు పెట్టి, చీలికను పట్టుకుని ఎగిరిపోతాడు, ఆ ఊపుకే పోగు చీలి వస్తుంది. కొబ్బరాకునీ ఈతాకునీ కూడా ఇలాగే చీలుస్తాడు. ఒక్కో పోగు జానెడు నుంచి మూరకు పైగా ఉంటుంది. అలా 500 సార్ల దాకా తిరిగితే గానీ ఒక గూడు పూర్తికాదు, దానికి 18 రోజులు పడుతుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది మధ్యలో ఆగే ఆ ఘట్టం. ఎనిమిది రోజుల పనయ్యేసరికి గూడు వేలాడే టోపీలా తయారవుతుంది. అప్పుడు మగపిట్ట దానికి వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ, చిట్ చిట్ అని మొదలుపెట్టి పొడుగ్గా చీ... అని రాగం తీస్తాడు. పక్క గూళ్ల వాళ్లు కూడా అందుకుంటారు, ఒక చెట్టుకు పాతిక గూళ్లుంటే ఆ సందడి పొలం అవతలి గట్టుకు వినపడుతుంది. ఆడపిట్టలు వచ్చి ఒక్కో గూట్లో దూరి చూసుకుంటాయి. నచ్చితే ఒకటి అక్కడే ఉండిపోతుంది, అప్పుడు మగపిట్ట గుడ్ల గదిని ముగించి కింద పొడుగాటి గొట్టం అల్లుతాడు. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. మనం చూసి 'పాడుబడ్డ గూడు' అనేది చాలాసార్లు ఇదే. 1930లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారు మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర కిహిం అనే ఊళ్లో ఈ పిట్టల్ని దగ్గరుండి గమనించి, ఒక ఆడపిట్ట కుదురుకోగానే మగపిట్ట పక్కనే మరో గూడు మొదలుపెడతాడని, ఒకే వానాకాలంలో ఒకదాని తర్వాత ఒకటిగా ఇద్దరు ముగ్గురితో కాపురం పెడతాడని తేల్చారు. ఆ సంగతి తెలిశాక అర్థమైంది, ఒకే చెట్టు మీద ఒక గూట్లో గుడ్లు, ఒకదాంట్లో పిల్లలు, ఒకటి సగం కట్టింది ఒకేసారి ఉంటాయి. కింద నిలబడి ఏది ఖాళీయో మనం చెప్పలేం.

లెక్క వేసి చూడండి. రెండు నుంచి నాలుగు గుడ్లు, పొదగడానికి రెండు వారాలకు పైనే, పిల్లలు ఎగరడానికి ఇంకో పదిహేడు రోజులు. పొదిగేది ఆడపిట్ట ఒక్కతే. గూడు పూర్తయ్యాక కూడా నెలకు పైగా ఎవరూ ముట్టుకోకూడదు. మన శ్రావణం పెళ్లిళ్ల ముహూర్తాలు సరిగ్గా ఆ నెలలోనే పడతాయి.

మీ ఫొటోలో బల్బు చూసినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. గిజిగాడు మిణుగురును పట్టుకొచ్చి మట్టిలో గుచ్చి దీపం పెట్టుకుంటాడని చెప్పేది. మట్టి మాట నిజమే, గూడు లోపలి గోడకు తడి మట్టి ముద్దలు పూస్తాడు. దీపం మాత్రం కథే. అయినా ఆ కథ చెప్పిన మా ఊరివాళ్లెవరూ గూడు కోసి ఇంటికి తెచ్చేవాళ్లు కాదు.

వానాకాలం అయిపోయాక కోసుకోవచ్చు కదా అంటే, అది కూడా వద్దనే అంటాను. జీనువాయి పిట్టలు పాత గూళ్లలో చేరతాయి, అక్కడే పిల్లల్ని పెడతాయి.

రైతులకు వీటి మీద కోపం ఉందని తెలుసు, మాదీ వ్యవసాయ కుటుంబమే. కంకి పాలు పోసుకునే వేళ జొన్న మీద గుంపుగా వాలితే నష్టమే. దానికి మంచె, వడిసెల, డప్పు ఉన్నాయి. ఇదే పిట్ట పిల్లల్ని పెంచేటప్పుడు పురుగుల్ని ఏరి తెచ్చి పెడుతుంది, అది కూడా మన పొలంలోంచే. సంక్రాంతికి పిట్టల కోసం గుమ్మానికి వరి కుచ్చులు కట్టింది ఈ రెండు లెక్కలూ తెలిసిన మనుషులే.

వీటికి ముళ్ల చెట్టో, ఈత, తాడి లాంటిదో కావాలి, కింద నీళ్లుంటే మరీ మంచిది, పాములూ పిల్లులూ రాకుండా. బావులు పూడ్చేశాం, గట్ల మీద చెట్లు కొట్టేశాం. ఇప్పుడు కరెంటు తీగలకు కూడా గూళ్లు కడుతున్నాయి. ఉన్న నాలుగు చెట్ల దగ్గరికీ కొడవలి కట్టిన గెడ వస్తే ఇంకెక్కడికి పోతాయి?

ఇంకొక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాటకిచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా ఉన్నాయి. గిజిగాడు ఆ చట్టం రక్షణలో ఉన్న పక్షే. గూడు కోయడం నేరమని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పి ఉండరు, అందుకే వాడి మీద నాకు కోపం లేదు. పెళ్లివాళ్లు అడిగారు, తెచ్చాడు.

కాబట్టి నేను అడిగేది మిమ్మల్నే. ఆ ఫొటో వేసిన చోటే, అంతే సైజులో, తల్లి తెచ్చే మేత కోసం గొట్టంలోంచి తల బయటపెట్టిన పిల్లల ఫొటో ఒకటి వేసి, ఈ గూళ్లు కొనొద్దని రెండు వాక్యాలు రాయండి. తాటాకుతో, ఈతాకుతో బుట్టలల్లేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, అదే ఆకారంలో అల్లిమ్మంటే అల్లిస్తారు, బల్బు వాటిలో పెట్టుకోవచ్చు. వచ్చే ఆషాఢం వెళ్లేలోపు, డెకరేషన్ ఆర్డర్లు ఇచ్చే రోజుల్లో వేస్తే ఇంకా మంచిది. మా అక్క మనవడు మీ పేపర్ ఆదివారం బొమ్మలన్నీ కత్తిరించి దాచుకుంటాడు, ఈ ఫొటో వస్తే వాడికి నేనే చూపిస్తాను.

మీ పాఠకురాలు