మా సందుకి తాళం వేసిన 22ఏ: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ, రిజిస్ట్రేషన్ల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విజయనగరం పాత ఊళ్లో, గంటస్తంభం నుంచి నడిచి రాగలిగే ఒక సందులోంచి రాస్తున్నాను. మా సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉంది. ఆ మాట చెబితే చాలు, మిగతాది మీకు తెలిసిందే. అర్జీలు ఇచ్చాం. రసీదులు ఇచ్చారు. కొన్నాళ్లకి ఫోనుకి "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పే నాథుడు లేడు. రిజిస్ట్రేషన్ మాత్రం అవ్వదట.

మేం కొనాలనుకున్నది రెండు సెంట్లు కూడా లేని జాగా అండి. ముందు రెండు గదుల స్లాబు, వెనక పెంకుల వంటిల్లు, పక్కింటితో ఉమ్మడి గోడ. ఊరి బయట లేఅవుట్లలో సైట్లు బోలెడున్నాయి కదా అని చాలామంది అన్నారు. నేను కుట్టుపని చేసుకుని బతుకుతాను. నా కూడు ఈ సందులోనే ఉంది. రంజాన్‌కి ముందు సల్వార్లు, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి జాకెట్లు, క్రిస్మస్‌కి పిల్లల గౌన్లు కుడతాను. రాయగడ నుంచి వచ్చి స్థిరపడిన ఒడియా వాళ్లు రజో పండక్కి ఆడపిల్లలకి కొత్త బట్టలు కుట్టిస్తారు. మార్వాడీల ఇళ్ల నుంచి పెళ్లి బట్టలు ఫాల్‌కీ, ఆల్టరేషన్‌కీ వస్తాయి. ఇన్ని పండగలు ఒక్క సందులో ఉన్నాయి కాబట్టే నా మిషను ఏడాదంతా తిరుగుతోంది. లేఅవుట్‌లో ఇల్లు కట్టుకుంటే నా దగ్గరికి ఎవరొస్తారు?

ఇల్లు అమ్ముతున్న పెద్దాయన ముస్లిం. మేం బాబాయి గారనే పిలుస్తాం. 1986లో కొన్నారు. రిజిస్టర్ దస్తావేజు ఉంది, అంతకుముందువి లింకు డాక్యుమెంట్లు ఉన్నాయి, ఈసీ (భూమి మీద అప్పులూ లావాదేవీలూ చూపే సర్టిఫికెట్) శుభ్రంగా ఉంది. ఆ రోజు స్టాంపు డ్యూటీ కట్టించుకున్నది ప్రభుత్వమే. ఇంటి పన్ను, కుళాయి పన్ను ఇప్పటికీ కట్టించుకుంటున్నారు. కరెంటు మీటరు ఆయన పేరునే ఉంది. అమ్ముకునే రోజు వచ్చేసరికి ఆ భూమి నిషేధితం ఎలా అయింది? ఒక్క నోటీసైనా ఆయన చేతికి ఇవ్వలేదే!

పిన్నిగారికి ఒంట్లో బాగాలేదు. విశాఖలో కూతురి దగ్గరుండి వైద్యం చేయించుకోవాలనే ఇల్లు అమ్మకానికి పెట్టారు. మేమిచ్చిన బయానా ఆసుపత్రికే అయిపోయింది. ఆ డబ్బు వెనక్కి ఇమ్మని ఆయన్ని ఏ నోటితో అడగమంటారు? అడగకుండా ఎన్నాళ్లుండమంటారు? అగ్రిమెంటు గడువు దాటిపోయింది. బ్యాంకు లాయరు 22ఏ చూడగానే లోను కుదరదని కాగితాలు తిప్పి పంపాడు. ఒకప్పుడు మా గుమ్మంలో కూర్చుని టీ తాగి వెళ్లే మనిషి ఇప్పుడు తల వంచుకుని దాటిపోతున్నారు. ఆయన తల ఎందుకు వంచుకోవాలండీ? ఆయనేం తప్పు చేశారు?

ఇంతకంటే బాధ పెట్టేది ఇంకొకటుంది. ఈ ఉత్తరం ముఖ్యంగా దాని గురించే. మా నంబరు ఏ క్లాజు కింద ఆ జాబితాలో చేరిందో ఎవరూ చెప్పడం లేదు. ఒక ఆఫీసులో ప్రభుత్వ భూమి అన్నారు. ఇంకోచోట సంస్థానం నాటి లెక్కలు చూడాలన్నారు. కొనేది మేం, అమ్మేది ముస్లిం కుటుంబం కాబట్టి వక్ఫ్ భూమేమో అని ఒకరు అంటించారు. కాదు, దేవస్థానం మాన్యం అని ఇంకొకరు. ఏ కాగితమూ లేని ఈ మాటలు సందులో తిరుగుతున్నాయి. ఒకరి నీళ్లు ఒకరు పట్టుకుని బతికిన ఇళ్ల మధ్య 'మీ వాళ్ల భూమి, మా వాళ్ల భూమి' అనే మాట మొదటిసారి విన్నాను. మీ రికార్డులో ఒక్క గడి ఖాళీగా వదిలేస్తే మా సందులో ఏం మొలుస్తుందో చూడండి.

ఇదేమీ కొత్త కోరిక కాదు. 2015 డిసెంబరులోనే ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ స్పష్టంగా చెప్పింది. జాబితాలో పెట్టే ప్రతి ఆస్తికీ 22ఏ(1)లో ఏ క్లాజు వర్తిస్తుందో రాయాలంది. దేవాదాయ, వక్ఫ్ భూములైతే రిజిస్టరు లేదా గెజిట్ నకలు, సీలింగ్ (భూపరిమితి) భూములైతే ఆ ఉత్తర్వులు కూడా జతచేయాలంది. మా నంబరులో ఏదో ఒక మూల ప్రభుత్వానిది కావచ్చు. ఉంటే కొలిచి రాయి పాతుకోండి, ఒక్క మాట అనం. ఆ మూల కోసం సందు మొత్తాన్ని ఆపేయడం ఏం ధర్మం?

2024 డిసెంబరులో భూమి సమస్యలు వినడానికి ఊళ్లలో రెవెన్యూ సదస్సులు పెట్టారు, సంతోషం. మా సందుకి అలాంటిది రాలేదు. వచ్చింది బ్రోకర్లు. "రిజిస్ట్రేషన్ ఎందుకు, నోటరీ మీద రాయించేసుకోండి, సగం ధరకే ఇప్పిస్తాం" అంటున్నారు. బాబాయి గారి అవసరాన్ని సగం ధరకి కొనే పాపం మాకొద్దు. డ్యూటీలూ ఫీజూ కలిపి ఏడున్నర శాతం ప్రభుత్వానికి కట్టి, దొరలా కొనుక్కుంటామని మేమే అడుగుతుంటే, కట్టించుకునే వాళ్లు లేరు.

దయచేసి మా అర్జీని మళ్లీ మేం ఎవరి మీద ఫిర్యాదు చేశామో వాళ్లకే పంపకండి. ఒక సర్వేయరుని పంపించి, మా ఎదుటే కొలిపించండి. ఏ క్లాజు, ఎన్ని గజాలు అన్నది రాతపూర్వకంగా ఇప్పించండి. నిషేధం లేని ఇళ్లని సర్వే నంబరులోంచి విడదీసి (సబ్ డివిజన్ చేసి) జాబితాలోంచి తీయించండి. ఒకవేళ ఆ ఇల్లు నిజంగానే ప్రభుత్వానిదైతే ఆ మాటైనా సంతకం పెట్టి చెప్పండి. మా దారి మేం చూసుకుంటాం, బాబాయి గారు కోర్టుకైనా వెళ్తారు. పిన్నిగారి వైద్యం మాత్రం ఫైలు కదిలేదాకా ఆగదు, త్వరగా చూడండి.

ఇట్లు,
విజయనగరం పాత ఊళ్లో అద్దెకుంటున్న ఒక దర్జీ