కాలనీ సంక్షేమ సంఘం, కర్నూలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికలో ముప్పాతిక భాగం వైన్ షాపు గురించే ఉంటుంది, కాబట్టి మిగతా పనులు ముందే చెప్పేస్తాను. వేసవిలో ట్యాంకర్ల వంతులు పెద్ద గొడవలేమీ లేకుండా నడిచాయి. చవితికి మట్టి వినాయకుణ్ణే పెట్టి, ఎప్పటిలాగే కేసీ కెనాల్ దగ్గర నిమజ్జనం చేశాం. మూడో వీధిలో దీపాలు వెలిగాయి, అందులో రెండు మళ్లీ ఆరిపోయాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ఇక అసలు సంగతి. 2019 అక్టోబర్ నుంచి మద్యం షాపులు ప్రభుత్వమే నడిపింది. ఆ పద్ధతి పోయి, 2024 అక్టోబర్ 14న రాష్ట్రంలో 3,396 దుకాణాలకు లాటరీ తీశారు, 16 నుంచి ప్రైవేటు షాపులు తెరుచుకున్నాయి. దరఖాస్తు ఫీజు 2 లక్షలు, తగిలినా తగలకపోయినా తిరిగి రాదు. అయినా దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. మన కాలనీలో కూడా నలుగురు తలా యాభై వేలు వేసుకుని ఒక దరఖాస్తు పెట్టారు. పేర్లు చెప్పను, ముందు వరుసలోనే కూర్చుని ఉంటారు. వాళ్లకు చీటీ తగల్లేదు. తగిలుంటే ఈ నివేదిక ఇంకోలా ఉండేది.

మనకు షాపు వస్తోందన్న సంగతి షట్టర్‌కు రంగు వేస్తున్నప్పుడే తెలిసింది. బడికి పోయే మలుపులోనే అది. ఆ రాత్రే సంతకాలు సేకరించాం. మర్నాడు పొద్దున్నే కార్పొరేషన్ ఆఫీసుకు పోయాం, "కౌన్సిల్లో పెట్టి లైసెన్సు రద్దు చేయండి" అని. అక్కడ కూర్చున్నాయన కాగితం చదివి, "సార్, ఇది మా చేతిలో లేదు" అని నెమ్మదిగా చెప్పాడు. తప్పు మనదే. మద్యం లైసెన్సులు రాష్ట్ర ఎక్సైజ్ శాఖ చేతిలో ఉంటాయి, కౌన్సిల్ తీర్మానంతో పని లేదు. రాజ్యాంగంలో మున్సిపాలిటీలకు అప్పగించదగిన విషయాలని 18 రాసిన జాబితా ఉంది, పన్నెండో షెడ్యూలు. శ్మశానాలు, కబేళాలు, వీధి దీపాలు అన్నీ ఉన్నాయి అందులో. మద్యం లేదు. ఏజెన్సీ ప్రాంతంలో గ్రామసభలకు 1996 నాటి పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) మద్యం మీద కొంత అధికారం ఇచ్చింది కానీ, కర్నూలు వార్డులో ఉండే మనకు అది వర్తించదు.

అయితే వంద మీటర్ల నిబంధన ఉందని ఎక్సైజ్ ఆఫీసులో చెప్పారు. గుర్తింపు ఉన్న బడికి, ఆసుపత్రికి, గుడికి 100 మీటర్ల లోపల షాపు పెట్టకూడదు. మేం ఎగిరి గంతేశాం. సుంకులమ్మ గుడి షాపుకు ఎదురుగానే ఉంది కదా! కానీ అమ్మవారు దేవాదాయ శాఖ రిజిస్టర్లో లేదు. తరాలుగా కుంకుమ పెడుతున్నాం, కాగితం ఒక్కటీ పుట్టించలేదు.

మిగిలింది బడి. మేస్త్రీ దగ్గర ముప్పై మీటర్ల టేపు అడిగి తెచ్చి, ఒక ఆదివారం పొద్దున ఐదుగురం కొలిచాం. నేరుగా కాకిలా ఎగిరితే డెబ్బై కూడా ఉండదు. కానీ కొలిచే పద్ధతి అది కాదట. షాపు వాకిలి మధ్య నుంచి బడి గేటు మధ్య దాకా, మనిషి మామూలుగా నడిచే దగ్గరి దారిలో కొలవాలి. మధ్యలో పెద్ద కాలువ ఉంది, దాటాలంటే కల్వర్టు దాకా పోయి తిరిగి రావాలి. టేపు మూడుసార్లు పరిచాం, నాలుగోసారి ఇరవై రెండు దగ్గర గేటు వచ్చింది. నూట పన్నెండు. ఎవరో "ఇంకోసారి కొలుద్దాం" అన్నారు. కొలిచాం. నూట పన్నెండే. పోయినేడు ఆ కాలువ మీద పలకలు వేయించమని మనమే అడిగి, తర్వాత పట్టించుకోకుండా వదిలేశాం. వేయించుంటే దారి తగ్గేది, షాపు అక్కడికి వచ్చేది కాదు.

షాపాయనతో రెండుసార్లు మాట్లాడాం. ఈ ఊరి జనాభాకు ఏడాది లైసెన్సు ఫీజు 65 లక్షలు. అంత కట్టినాయన మన సంతకాలు చూసి కదలడు, ఆయన్ను తిట్టి లాభం లేదు. బడి వైపు కిటికీ మూయించాడు, రాత్రి పదికి షట్టర్ దించుతున్నాడు.

అసలు ఇబ్బంది షాపు లోపల కన్నా బయటే ఎక్కువ. ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, బోటీ బండి, గుడ్ల బండి, నిలబడే జనం. ఇది మాత్రం కార్పొరేషన్ పరిధిలోదే: రోడ్డు, చెత్త, తోపుడు బండ్లు. ఇక్కడే సంఘంలో మనలో మనకే చీలిక వచ్చింది. బండ్లన్నీ తీయించాలని కొందరు. బోటీ బండి అక్క మన వెనక వీధిలోనే ఉంటుంది, షాపు రాకముందు నుంచీ అక్కడే అమ్ముతోంది, ఆమెను పంపించి షాపును ఉంచడం ఏం న్యాయమని ఇంకొందరు. నేను రెండో పక్షం. చివరకు బండి మలుపు అవతలికి జరిగింది. "అన్నా, సాయంత్రం బేరం సగానికి పడింది" అని ఆమె నాతో అంది. దానికి సంఘం దగ్గర జవాబు లేదు.

కమిటీ సమావేశంలో మన రిటైర్డ్ మాస్టారు ఒక మాట గుర్తు చేశారు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, 1954 నవంబర్‌లో, ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఇక్కడే పడిపోయింది. గొడవ మద్యనిషేధం మీదే. గీత కార్మికుల కోసం గౌతు లచ్చన్న గారు మంత్రి పదవే వదులుకున్నారు. ప్రభుత్వం ఓడింది ఒక్క ఓటు తేడాతో. "మీరు పన్నెండు మీటర్లతో ఓడారు, పర్లేదు" అన్నారు మాస్టారు. ఆ రోజు నవ్వింది ఆయనొక్కరే.

ఈ లైసెన్సుల గడువు 2026 సెప్టెంబర్ 30 దాకా ఉంది. ఆలోగా చేయాల్సినవి రెండు. కాలువ మీద పలకల కోసం కార్పొరేషన్‌లో అర్జీ మళ్లీ పెట్టాలి, ఈసారి రసీదు తీసుకుని. సుంకులమ్మ గుడి రిజిస్ట్రేషన్‌కు పాత కాగితాలు ఎవరింట్లో ఉన్నా కమిటీకి ఇవ్వండి, కరెంటు బిల్లయినా సరే. మేస్త్రీ టేపు ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన రెండుసార్లు అడిగాడు.

ఇట్లు,
కార్యదర్శి