డూప్లికేట్ అయితే డూప్లికేట్ అనే చెప్పి అమ్మండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన, ఈ కాలం కుర్రాళ్లు నాలుగు వేలు, ఐదు వేలు పోసి వీడియో గేమ్ బొమ్మలు కొంటున్నారు, వీళ్లకు బుద్ధుందా అని రాశారు. బుద్ధి సంగతి పక్కన పెడదాం, ఎవరి దుడ్లు వాళ్లవి. నాలుగు వేలు పెట్టినవాడికి నాలుగు వేల వస్తువు దొరికిందా, లేక మూడొందల సరుకు అంటగట్టి పంపించారా అన్నది మాత్రం అడగాల్సిన మాట. తిరుపతిలో ఇప్పుడు నడుస్తున్న గొడవ అదే.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో మా వయసు వాళ్లకు తెలుసు. వీడియో గేమ్ అంగట్లో రూపాయి బిళ్ల వేసి ముస్తఫా ఆడినవాళ్లం (దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ వాళ్లు 1993లో తెచ్చారు, మనకు మాత్రం ముస్తఫానే), బిళ్లలు అయిపోయాక స్ట్రీట్ ఫైటర్ అనే కొట్లాట గేమ్ ఆడేవాడి వెనకాల నిలబడి సలహాలిచ్చినవాళ్లం. ఇప్పుడు నెల జీతం వస్తోంది, ఆ గేమ్‌లో ఫైటర్ ర్యూ బొమ్మ ఒకటి ఆఫీసు బల్ల మీద పెట్టుకుంటే ఎవరికి నష్టం?

అయితే కొనేముందు చూసుకోవాలి. ఫోన్ కొనేటప్పుడు పది వీడియోలు చూసే మనవాళ్లు బొమ్మ దగ్గరికొచ్చేసరికి డబ్బా మీద ఫొటో చూసి డబ్బులు ఇచ్చేస్తారు. డబ్బా మీద ఉండేది కంపెనీ వాళ్లు రంగులు దిద్ది, లైట్లు పెట్టి తీసిన ఫొటో. లోపల ఉన్నది వేరే. మాధవమాలలో చెక్క విగ్రహం కొనేటప్పుడు ముందు స్వామి ముఖం చూస్తామా లేదా, ఇక్కడా అంతే, ముఖమే మొదలు. ర్యూ అయితే కనుబొమ్మలు, కంటి గీత, నుదుటి మీద ఎర్ర గుడ్డ అంచు చూడండి. ఒరిజినల్‌లో ఎరుపు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. కాపీలో ఆ ఎరుపు జుట్టులోకి పాకి ఉంటుంది, రెండు కళ్లు రెండు దిక్కులు చూస్తుంటాయి, చర్మం రంగు నూనె రాసినట్టు మెరుస్తుంటుంది. డబ్బా తెరవగానే ఘాటైన కెమికల్ వాసన కొట్టినా అనుమానించాల్సిందే. చాలా ఒరిజినల్ బొమ్మలకు అరికాలి మీదో, వీపు మీదో, స్టాండు అడుగునో కంపెనీ పేరు, హక్కుల గుర్తు అచ్చులోనే పోసి ఉంటాయి, స్టిక్కర్ అంటించి ఉండదు. దానికి టార్చి వేసి చూడాల్సిందే, అంగడివాడు నవ్వినా సరే.

ముఖం తర్వాత కీళ్లు. ఆరంగుళాల బొమ్మ, అంటే మనిషి ఎత్తులో దాదాపు పన్నెండో వంతు, దానికి ధర పలికేదే ఈ కీళ్ల వల్ల. మోచెయ్యి పూర్తిగా మడత పడాలి, మోకాలు మడిచి కూర్చోబెడితే కూర్చోవాలి, భుజం ముందుకు వచ్చి రెండు అరచేతులూ కలవాలి. అవి కలవకపోతే ఇక హడోకెన్ (ర్యూ అరచేతులతో విసిరే వెలుగు బంతి) ఏం వేస్తాడు, శిలావిగ్రహంలా నిలబడతాడంతే. అన్నిటికన్నా ముఖ్యం చీలమండ. అక్కడ వదులుగా ఉంటే బొమ్మ నిలబడదు, నిలబడినా మర్నాటికి బోర్లా పడి ఉంటుంది. బిగుసుకుపోయిన కీలును మాత్రం బలవంతంగా తిప్పకండి, కాసేపు వేడి నీళ్లలో ఉంచి తిప్పితే వస్తుంది. బలం పెడితే లోపలి పుల్ల విరుగుతుంది, విరిగాక జిగురు నిలవదు. మార్చుకునే చేతులు ఉంటే వాటి పుల్లలు ఎంత సన్నగా ఉన్నాయో కూడా చూసుకోండి. చేతులు మార్చేటప్పుడే ఎక్కువ బొమ్మలు పాడవుతాయి.

పాత బొమ్మలకు ఈ మాట ఇంకా వర్తిస్తుంది. అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో వాళ్లు 1993లో జీఐ జో అనే సైనికుల బొమ్మల వరుసలో స్ట్రీట్ ఫైటర్ బొమ్మలు వేశారు. ఆ తరహా జీఐ జో బొమ్మలకు నడుము దగ్గర లోపల ఒక నల్లటి రబ్బరు రింగు ఉంటుంది, పైభాగాన్నీ కాళ్లనూ పట్టి ఉంచేది అదే. ఏళ్లు గడిస్తే అది ఎండి పుటుక్కుమంటుంది, బొమ్మ రెండు ముక్కలవుతుంది. భయపడక్కర్లేదు, వీపు స్క్రూ తీసి కొత్త రింగు వేసుకోవచ్చు. బొటనవేలు విరిగినా, మోచెయ్యి పగిలినా మాత్రం ధర సగానికి సగం అడగండి. మన దేశంలో ఫన్‌స్కూల్ వాళ్లు చేసిన జీఐ జో బొమ్మల కోసం విదేశాల కలెక్టర్లు, అంటే బొమ్మలు సేకరించేవాళ్లు, వెతుక్కుంటారు. మనం మాత్రం పిలకాయలు పెద్దవాళ్లయ్యారని పాత సామాన్లవాడికి వేసేశాం.

మన ఊరికి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఎండ. మే నెలలో తిరుపతి నలభై దాటుతుంది. ఈ బొమ్మల్లో చాలా భాగం పీవీసీ అనే ప్లాస్టిక్, గట్టి భాగాలు ఏబీఎస్ అనే ఇంకో ప్లాస్టిక్. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం వేడికి మెల్లగా పైకి వస్తుంది, అప్పుడు బొమ్మ ముట్టుకుంటే చేతికి అంటుకుంటుంది, దుమ్మంతా పట్టేస్తుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి కడిగితే పోతుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. సన్నని కాళ్లున్న బొమ్మలైతే వేడికి ఒక పక్కకు ఒరిగిపోతాయి, తెల్ల ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది. అందుకే పడమటి ఎండ పడే అద్దాల బీరువాలో నెలల తరబడి నిలబెట్టిన పీస్ ఎంత ఒరిజినల్ అయినా నేను కొనను. లోపల గోదాములో ఉన్నది తెచ్చివ్వమంటాను. ఇవ్వకపోతే దండం పెట్టి బయటికొస్తాను.

ధర ఎందుకు మండుతోందని అడుగుతారు. విదేశీ బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అమెరికాలో 25 డాలర్ల దాకా ఉండే జాడా కంపెనీ వాళ్ల ర్యూ ఇక్కడికొచ్చేసరికి రెట్టింపు అయ్యిందంటే రవాణాతో పాటు ఇదీ కారణమే. కాబట్టి అదే బొమ్మ ఎనిమిది వందలకు దొరికిందంటే మన అదృష్టం అనుకోకండి, అది కాపీ.

ఇక ‘ఇప్పుడు కొని దాచుకో, రేపు పది రెట్లవుతుంది’ అనే మాట. ఈ మాట నమ్మి అప్పు చేసినవాళ్లు కూడా ఉన్నారు, నాకు వాళ్లను చూస్తేనే టెన్షన్. జపాన్‌లో ఫిగ్మా అనే బొమ్మల వరుసలో వచ్చిన లింక్ (జెల్డా గేమ్ హీరో) బొమ్మల్ని కంపెనీ మళ్లీ విడుదల చేసింది, అలా చేసినప్పుడల్లా అంతకుముందు రెట్టింపు పెట్టి కొన్నవాడు నోరు తెరిచాడు. ఆన్‌లైన్‌లో ఎవరో పదిహేను వేలకు పెట్టారని చూపిస్తారు. పెట్టడం ఎవడైనా పెడతాడు, ఎంతకు అమ్ముడైందో చూడండి. గేమ్ కంపెనీ నింటెండో వాళ్ల అమీబో బొమ్మలు మరో రకం, 2014లో మొదలయ్యాయి, అడుగున చిప్ ఉంటుంది, గేమ్ మిషన్‌కు ఆనిస్తే పనిచేస్తాయి. చేతులూ కాళ్లూ కదలవు. మీ ఇంట్లో ఆ మిషన్ లేకపోతే అది షోకేసు బొమ్మ, ఆ లెక్కనే ధర కట్టుకోండి. ఇలాగే బొమ్మను మిషన్‌కు ఆనించి ఆడే డిస్నీ ఇన్ఫినిటీ గేమ్‌ను 2016లో ఆపేశాక ఆ బొమ్మల గతి ఏమైందో కలెక్టర్లను అడిగితే చెప్తారు.

నా ఫిర్యాదుకు వస్తాను. ఊళ్లో ఒక అంగట్లో ‘ఇంపోర్టెడ్ సార్’ అని చూపించిన బొమ్మకు ఎక్కడా కంపెనీ పేరు లేదు, డబ్బా మీద అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. తెరిచి చూస్తానంటే సీల్ పోతుందన్నాడు, ఆ సీల్ మామూలు సెల్లోటేపు. బిల్లు ఇమ్మంటే, బిల్లు కావాలంటే జీఎస్టీ ఎక్స్‌ట్రా అన్నాడు. కొనలేదు. నా తర్వాత ఒక తల్లి అదే బొమ్మను ఆరేళ్ల పిల్లాడికి కొనిచ్చింది, ఊడొచ్చే చేతులన్నీ బఠానీ గింజంత ఉన్నాయి.

కాపీ అమ్మితే తప్పు, కాపీని ఒరిజినల్ అని అమ్మితే ఇంకా పెద్ద తప్పు. చేతివృత్తుల బొమ్మల్లాంటి కొన్నిటిని మినహాయిస్తే, పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మకు, ఇక్కడ చేసిందైనా బయటి నుంచి వచ్చిందైనా, 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు ఉండి తీరాలి. కొన్ని ఒరిజినల్ కలెక్టర్ బొమ్మల డబ్బాల మీద పదిహేనేళ్లు పైబడిన వాళ్లకని కంపెనీ వాళ్లే రాస్తారు, అలాంటివి చిన్న పిల్లల బొమ్మల పక్కన కలిపి వేలాడదీయకూడదు. ఒరిజినలా కాదా ధర చీటీ మీదే రాయమనండి, బిల్లు అడగకుండానే ఇమ్మనండి. బిల్లు చేతిలో ఉంటే రేపు వినియోగదారుల కమిషన్‌కు పోవడానికైనా ఆధారం ఉంటుంది.

మీ విలేకరి ఎవరైనా ఒక సాయంత్రం బస్టాండు చుట్టుపక్కల, గాంధీ రోడ్డులో బొమ్మల అంగళ్లు తిరిగి, ఎన్ని డబ్బాల మీద ఐఎస్ఐ గుర్తు ఉందో లెక్కబెట్టి జిల్లా పేజీలో వేయగలరా?

ఒక పాఠకుడు,
ఎం.ఆర్.పల్లి, తిరుపతి