తొట్టి ఉంటే చాలు, సరుకుల బండేనా? – రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

యాభై ఏళ్లు దాటిన పికప్ బండ్లను బాగుచేసి కాపాడుకుంటున్న హైదరాబాదు వాళ్లం, మా బండ్లకూ వింటేజ్ గుర్తింపు ఇవ్వమని ఇప్పటికే అర్జీలు ఇచ్చాం. ముద్ర వేసిన రసీదులు దగ్గరున్నాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాం.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు ప్రత్యేక గుర్తింపునిస్తూ 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు మీకు తెలిసినవే. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత 5,000. ఆ డబ్బు దగ్గర మాకు పేచీ లేదు. పేచీ అంతా ఒక్క మాట దగ్గరే. వ్యక్తిగత వాడకపు బండ్లకే ఆ గుర్తింపు అన్నారు. మా బండ్ల పాత ఆర్‌సీ పుస్తకాల్లో 'గూడ్స్' అని ఉంది. వెనక తొట్టి ఉంది కాబట్టి ఆనాడు అలా రాశారు. ఎఫ్‌సీ-150 పికప్‌కూ, సీజే-3బీ జీపుకూ ఇంజన్ ఒకటే, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల హరికేన్. పర్సనల్ అని రాసి ఉన్న జీపుకు వింటేజ్ గుర్తింపు వస్తుంది. పికప్‌కు రాదు.

ఆ గుర్తింపు రాకపోతే ఏమవుతుందో చెప్తాం. ఎన్నో ఏళ్లుగా ఒక్క మూట కూడా ఎత్తని బండిని సరుకుల బండిలాగే లెక్కగడతారు. షెడ్డులో ఉన్న కాలానికీ పన్ను బకాయి. ఎప్పుడో చనిపోయిన పాత యజమాని, బండి ఆపేశానని రాసివ్వలేదట. దాని మీద ఫిట్‌నెస్ సర్టిఫికెట్. గడువు దాటితే రోజుకు 50 రూపాయల అదనపు రుసుం అని కేంద్ర నిబంధనల్లో ఉంది. ఏడాదికి 18,250 అవుతుంది. ఇంజన్ విప్పకముందే మనిషి వెనక్కి తగ్గుతాడు. బండి పాత ఇనుము కింద తూకానికి పోతుంది. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌లో మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదని ఉంది. చిన్న బండి వేరు, లారీ వేరు అని చట్టమే ఒప్పుకుంది కదా. వింటేజ్ దగ్గరికొచ్చేసరికి ఆ తేడా ఎటు పోయింది?

సరే, పర్సనల్‌గా మార్చండి అని అడిగితే, తొట్టి తీసేసి, మూసిన బాడీ కట్టించి, సీట్లు వేయించి తెమ్మని ఒక కార్యాలయంలో నోటిమాటగా చెప్పారు. ఆ మాట వింటే బాడీ మారిందని వింటేజ్ కింద తీసుకోరు, ఎందుకంటే బండి మొదటి రూపంలోనే ఉండాలన్నది నిబంధన. వినకపోతే గూడ్స్‌గానే ఉండిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇందులో ఏది చేయమంటారో మీరే చెప్పండి సార్.

వింటేజ్ బండికి 'పెద్ద ఎత్తున ఓవర్‌హాల్' జరిగి ఉండకూడదన్న నిబంధనలోని మాట కూడా మమ్మల్ని వేధిస్తోంది. ఏది మరమ్మతు, ఏది మార్పు? తొట్టి అడుగున చెక్క పలకలు, వాటి కింద అడ్డ పట్టీలు ఉంటాయి. పలక కింద వాననీళ్లు నిలిచి పట్టీని లోపలి నుంచే తినేస్తాయి. పైన రంగు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే కస్సున లోపలికి దిగిపోతుంది. తుప్పు పట్టినంత మేరా కోసేసి, అదే మందం రేకును, 18 గేజి అయితే 18 గేజే, దాదాపు 1.2 మిల్లీమీటర్లు, అంచుకు అంచు ఆనించి వెల్డింగ్ చేయాలి. పాత రేకు మీద కొత్త రేకు కప్పితే రెంటి మధ్య తేమ చేరి రెండు వానాకాలాల్లో మళ్లీ మొదటికొస్తుంది. ఇక ఇంజన్. అరిగిన సిలిండర్ బోరును 20 లేదా 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెంచి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు. ఆ సైజుల పిస్టన్లు ఆనాడు కంపెనీలే అమ్మాయి. వీటిని మార్పులంటే మన దేశంలో వింటేజ్ బండే మిగలదు.

1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయి, చాలా పికప్‌లకు అప్పట్లోనే డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. ఇప్పుడు ఎవరైనా వెతికి వెతికి అసలు రకం పెట్రోలు ఇంజన్ బిగిస్తే, ఆర్‌సీలో ఉన్న డీజిల్ ఇంజన్ నంబరుతో కలవడం లేదని కాగితం పక్కన పడేస్తున్నారు. బండిని పుట్టినప్పటి రూపానికి తెచ్చినవాడికి ఇదా ఫలితం?

ఛాసిస్ నంబరు సంగతి మరీ బాధ. చేత్తో గుద్దిన అంకెలవి, లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. తుప్పు నూనె పోసి ఒక రోజు నాననిచ్చి, ఇత్తడి బ్రష్‌తో రుద్దాలి. అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయడానికి తొందరపడి గ్రైండర్ పెడితే తుప్పుతో పాటు అంకె కూడా పోతుంది. పోయాక దిద్దారంటారు, కేసంటారు. తనిఖీకి వచ్చేవారికి ఈ ఒక్క సంగతి నేర్పించినా ఎన్నో బండ్లు దక్కుతాయి.

భద్రతలో మినహాయింపు అడగడం లేదు. ఏళ్లతరబడి కదలని బండిలో బ్రేక్ ఆయిల్ తేమ పీల్చి వీల్ సిలిండర్ల పిస్టన్లు పట్టేస్తాయని మాకు తెలుసు. నాలుగు చక్రాలవీ విప్పి, లోపలి గోడను హోనింగ్ రాయితో నునుపు చేసినా గుంటలు పోకపోతే లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేయించాకే బండిని రోడ్డెక్కిస్తాం. పొగ పరీక్షకూ సిద్ధమే. వాల్వులు సరిగ్గా కూర్చునేలా అరగదీసి, కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్‌ను సరిచేసి, ఐడిల్ స్క్రూ తిప్పితే పాత పెట్రోలు ఇంజన్ కూడా 3 శాతం సీఓ (కార్బన్ మోనాక్సైడ్) లోపలికి వస్తుంది. ఫ్లోట్ ఎత్తుగా ఉంటే మాత్రం ఎంత తిప్పినా రాదు.

చౌమహల్లాలో 1912 నాటి రోల్స్ రాయిస్‌ను జనం టికెట్ కొని చూస్తున్నారు. చూడాల్సిందే. కానీ మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల బుట్టలు, ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు దింపిన బండ్లు కూడా ఈ ఊరి చరిత్రే కదా సార్? వాటికి నంబరు ప్లేటు కూడా దక్కకూడదా?

నిబంధన కేంద్రానిదని అంటారు. కానీ వింటేజ్ అర్జీలు చూసే నోడల్ అధికారి మీవారే, బండిని పరీక్షించే కమిటీ మీదే. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని, యాభై ఏళ్లు నిండిన పికప్‌ను తొట్టి తీయకుండానే పర్సనల్‌గా మార్చుకోనివ్వండి. షెడ్డులో పడి ఉన్న ఏళ్లకు పన్ను వద్దనండి. కంప్యూటర్‌కెక్కని ఆర్‌సీలను పాత చేతిరాత రిజిస్టర్లు తీసి చూడమని చెప్పండి. కేంద్రానికి ఒక ఉత్తరం రాయండి. ఏదీ కుదరదంటే, ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి.

ఒక్క అధికారిని పంపండి. బండి కింద దూరి, టార్చి వేసి, ఆ తొట్టిని, ఆ అంకెలను దగ్గర నుంచి చూసి, ఇది సరుకుల బండో కాదో అప్పుడు రాయమనండి.

ఇట్లు,
హైదరాబాదు పాత పికప్ బండ్ల యజమానులు