కరెంటు డాక్టరమ్మకు నాన్న ఉత్తరం

ఆమదాలవలస

చిరంజీవి స్వాతికి, మీ నాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

ఫోనులో నేను సగం మాట మింగేస్తాను కనుక ఉత్తరం రాస్తున్నాను. ఎండీ పూర్తయ్యే వేళకు, అమెరికాలో క్యాన్సరుకు కరెంటు (రేడియేషన్) పెట్టే నీ శాఖ వైద్యులకు ఉద్యోగాలు తగ్గుతున్నాయని మీ సీనియరు చెప్పిందనీ, తప్పుడు శాఖ ఎంచుకున్నానేమోననీ మొన్న అన్నావు. అక్కడి భయం ఉత్తిది కాదు. 2019లో అక్కడ ఆ శాఖ రెసిడెన్సీ (శిక్షణ) సీట్లు చాలా మిగిలిపోయాయి. రొమ్ము క్యాన్సరుకు ఒకప్పుడు 25 విడతలుగా ఇచ్చిన కరెంటు 15కు తగ్గింది. 2020లో బ్రిటన్ పరిశోధన ఫలితాలు వచ్చాక కొందరికి 5 విడతలే చాలునని తేలింది. రోగికి అది మేలే గాని, విడతల లెక్కన రుసుము అందే దేశంలో వైద్యుల రాబడికి గండి పడుతుంది, ఒక్కరే మునుపటికంటే ఎక్కువమందిని చూడగలుగుతారు.

ఆ లెక్కను తెచ్చి మన ఊరికి అతికించకు. శ్రీకాకుళం రోడ్ స్టేషను కౌంటరులో 26 ఏళ్లు కూర్చున్నవాణ్ణి. క్యాన్సరు రోగికి స్లీపరులో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవారికి ముప్పాతిక వంతు రాయితీ. ఆసుపత్రి ధ్రువపత్రం నలిగిపోకుండా ప్లాస్టిక్ కవరులో దాచుకొని బూర్జ, సరుబుజ్జిలి వైపు నుంచి వచ్చేవారిలో అడ్డపొగ తాగిన ముసలమ్మలు ఎందరో. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకొని పీల్చే ఆ అలవాటు మీ చిన్న నానమ్మకూ ఉండేది. అంగిలికి, బుగ్గకు వచ్చే ఆ జబ్బుకు ఇప్పటికీ సాధారణంగా 30 విడతలకు తగ్గకుండా, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు కరెంటు పెట్టవలసిందేనని నువ్వే చెప్పావు. ఒకామె ఆఖరి విడత ముగించుకొని విశాఖ బండి దిగి, తల కదలకుండా బిగించిన వల ముసుగును సంచిలోంచి తీసి నాకు చూపించింది. ముక్కు, గడ్డం అచ్చు ఆమెవే. పారేయడానికి చేతులు రాలేదట.

పది లక్షల మందికి కరెంటు పెట్టే మిషను ఒకటి ఉండాలంటారు కదా. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనాభా 50 లక్షలు, అంటే ఐదు మిషన్లు కావాలి. మనవాళ్లు మాత్రం అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖలోని మరోదానికో ఇంకా బండెక్కుతూనే ఉన్నారు.

అయితే రోగులున్నంత మాత్రాన నీకు ఉద్యోగం ఉన్నట్టు కాదు. పిల్లల డాక్టరు వీధిలో ఒక గది అద్దెకు తీసుకొని బోర్డు పెట్టుకోగలడు. కోట్ల రూపాయల మిషను లేనిచోట నీ చదువులో సగం అక్కరకు రాదు. నీ శాఖే చదివిన మీ పెద్దన్నయ్యను ఒక ఆసుపత్రివారు మిషను వచ్చేస్తోందని చెప్పి చేర్చుకొని, ఏడాదిన్నర కీమో మందులెక్కించే వార్డులో తిప్పారు. బాండు ఉన్నందువల్ల మధ్యలో మానలేకపోయాడు. కనుక జీతం సంగతి తరువాత. మీటరుకు మించిన మందాన కాంక్రీటు గోడలతో ఆ మిషను గది కట్టడం పూర్తయిందా, రేడియేషన్ భద్రతను చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీ అనుమతి చేతికందిందా, కరెంటు మోతాదు లెక్కగట్టే మెడికల్ ఫిజిసిస్టు చేరారా అని ముందు అడుగు. రేడియేషన్ వైద్యులు లేనిదే ఆ అనుమతి రాదు కనుక, వారికి నీ అవసరం ఎంతుందో కూడా అక్కడే తెలుస్తుంది. 2025 కేంద్ర బడ్జెటులో మూడేళ్లలో జిల్లా ఆసుపత్రులన్నింటా పెడతామన్న డే కేర్ క్యాన్సరు కేంద్రాలను చూసి ఆశపడకు. అవి ముఖ్యంగా కీమో ఎక్కించడానికే.

నీకు వచ్చిన రెండు ఉద్యోగాల్లో హైదరాబాదుదానికి జీతం ఎక్కువే, కాని అక్కడ నీకంటే ముందు ఇద్దరు సీనియర్లున్నారు. నోటి క్యాన్సరుకు కరెంటు ఎక్కడ, ఎంత పెట్టాలో ప్లాను వేసే పని నీ చేతికి ఎప్పటికి వస్తుందో చెప్పలేం. విశాఖలో మొదటి నెల నుంచే అది నీ పని అవుతుంది. నా మొగ్గు అటే. మీ అమ్మ కూడా విశాఖే అంటోంది గాని, ఆమె కారణానికీ క్యాన్సరుకూ సంబంధం లేదు, ఆదివారం నువ్వు ఇంట్లో భోంచేస్తావని.

విశాఖవారు ఇచ్చిన ఒప్పందపత్రం వాట్సాప్‌లో పంపు. బాండు ఎన్నేళ్లో, మధ్యలో మానితే ఎంత కట్టాలో రాసిన పేజీ మసకగా కాకుండా తియ్యి. నేను చదివేదాకా సంతకం పెట్టకు.

ఇట్లు,
మీ నాన్న