తీరాన్ని కాపాడే కమిటీలో చెక్ పవర్ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

2030 నాటికి భూభాగంలో 30 శాతాన్ని, సముద్రంలో 30 శాతాన్ని రక్షించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దాదాపు 190 దేశాలు ఒప్పుకున్నాయి. అప్పటి నుంచి ఏ దేశం ఎంత శాతానికి చేరిందన్న లెక్కే వార్త అవుతోంది. ఆ లక్ష్యంలోనే ఇంకో మాట కూడా ఉంది. ఈ ప్రాంతాల నిర్వహణ న్యాయంగా ఉండాలి, ఆదివాసుల, స్థానికుల హక్కులను గుర్తించాలి అని. ఆ మాట ఎవరికీ పెద్దగా పట్టినట్టు లేదు. మ్యాపు మీద గీత గీసేస్తే శాతం సాయంత్రానికల్లా పెరుగుతుంది. న్యాయానికి అలాంటి షార్ట్‌కట్ లేదు మరి.

హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల సంగతే చూడండి. అక్కడి జనాన్ని బ్రిటన్ 1968-73 మధ్య ఖాళీ చేయించింది. డీగో గార్షియాలో అమెరికా సైనిక స్థావరం వెలిసింది. 2010లో అదే బ్రిటన్ ఆ దీవుల చుట్టూ సుమారు 6.4 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, వాణిజ్యపరమైన చేపల వేటను ఆపేసింది. అక్కడి పగడపు దిబ్బలు కాపాడుకోవాల్సినవే, కాదనను. కానీ వెళ్లగొట్టిన మనుషులు ఎప్పటికైనా తిరిగొస్తే ఏం చేసుకుని బతకాలి? ఆ దీవులు తనవేనంటున్న మారిషస్ కేసు వేయగా, తన హక్కులను పట్టించుకోకుండా చేసిన ఈ ప్రకటన సముద్ర చట్టాల ఒప్పందానికి విరుద్ధమని 2015లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ తేల్చింది.

కెనడా పశ్చిమ తీరంలోని హైదా గ్వాయ్ దీవుల్లో కథ మరోలా నడిచింది. 1985లో లైయల్ దీవిలో చెట్ల నరికివేతను ఆపడానికి అక్కడి ఆదివాసులైన హైదా ప్రజలు రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. వయసు మళ్లిన పెద్దలు కూడా అరెస్టయ్యారు. చివరికి 1993లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. ఆ కాగితం చూడాల్సిందే! ఈ నేల మాదంటే మాదని ఇద్దరూ పట్టుబడితే, ఆ తగువు తేల్చకుండానే ఎవరి వాదన వాళ్లది పక్కపక్కనే రెండు కాలమ్‌లలో రాసుకున్నారు. హక్కు ఎవరిదన్నది తర్వాత, అడవినైతే కలిసి చూసుకుందాం అని కింద సంతకాలు పెట్టారు. నిర్వహణ బోర్డులో హైదాలకూ ప్రభుత్వానికీ సమానంగా సీట్లు. 2010లో చుట్టూ ఉన్న సముద్రాన్ని కూడా చేర్చడంతో, కొండ శిఖరం నుంచి సముద్రపు అడుగు దాకా రక్షణ వచ్చింది.

నేలనూ నీళ్లనూ ఇలా కలిపి చూడటం సోకు కోసం కాదు. కొండ మీద చెట్లు కొట్టేస్తే వానకు మట్టి కొట్టుకొచ్చి పగడాల మీద పేరుకుంటుంది. వెలుతురు అందక అవి చచ్చిపోతాయి. పొలాల్లో ఎక్కువైన ఎరువు నదిలో పడి సముద్రానికి చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ అయిపోతుంది. మిసిసిపీ నది కలిసే మెక్సికో గల్ఫ్‌లో ప్రతి వేసవిలోనూ వేల చదరపు కిలోమీటర్ల మేర ఇదే జరుగుతోంది. ఎగువన కలప కంపెనీని, పెద్ద కమతాలను అడిగే ధైర్యం లేక, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, దిగువన చిన్న వల వేసుకునేవాడి మీద నిషేధం పెట్టడం చాలాచోట్ల చూస్తున్నాం. తీర రక్షణ కూటమి అని పేరు పెట్టుకుని అందులో ఎగువ భూముల వాళ్లను కూర్చోబెట్టకపోతే ఆ నష్టమంతా మత్స్యకారుల నెత్తినే పడుతుంది.

నిషేధం అసలు వద్దని నేననడం లేదు. మడగాస్కర్‌లోని ఆండవడోవకా ఊరివాళ్లు 2004లో ఒక పగడపు దిబ్బ మీద ఆక్టోపస్ వేటను ఏడు నెలలు తామే ఆపుకున్నారు. ఆక్టోపస్ త్వరగా పెరిగే జీవి కాబట్టి తెరిచిన రోజు బరువైనవి దొరికాయి. అయితే ఆ దిబ్బల మీద, నీళ్లు బాగా వెనక్కి తీసినప్పుడు, నడిచి వెళ్లి కర్రతో బొరియల్లోంచి ఆక్టోపస్‌ను లాగేది ఎక్కువగా ఆడవాళ్లు. దిబ్బ మూసేస్తే పడవ ఉన్నవాడు ఇంకోచోటికి పోతాడు, వీళ్లెక్కడికి పోతారు? పైగా ఒక ఊరు కడుపు కట్టుకుని ఆగితే, తెరిచిన రోజున పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి పట్టుకుపోతారు. అందుకే ఒక్క ఊరితో పని కాదని తెలిసి, రెండు డజన్ల పల్లెలు కలిసి వెలోండ్రియాకే పేరుతో కట్టుబాట్లు రాసుకున్నాయి. కూటమి అవసరం ఇలా పుడుతుంది, ఆఫీసులో కూర్చుని లోగో గీస్తే పుట్టదు.

స్థానికుల చేతికిస్తే ఊడ్చిపెట్టేస్తారని కొందరు అధికారుల భయం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1995 చట్టం తర్వాత తీరాన్ని జోన్లుగా విడగొట్టి, ఒక్కొక్కరు ఎన్ని ఉచ్చులు వేయాలో లాబ్‌స్టర్ (పెద్ద సముద్రపు రొయ్య) వేటగాళ్లనే ఓటేసి చెప్పమన్నారు. మూడింట రెండు వంతుల ఓట్లు పడితేనే నిబంధన. వాళ్లు తమ ఉచ్చులకు తామే పరిమితి పెట్టుకున్నారు. అసలు భయపడాల్సింది ఊళ్లోని పెద్దమనుషుల గురించి. స్థానిక కమిటీ అన్నంత మాత్రాన అందులో ఆడవాళ్లు, వలస కూలీలు, పడవ లేనివాళ్లు ఉన్నట్టు కాదు. ప్రజాభిప్రాయ సేకరణ అని పిలిచి, టీ ఇచ్చి, మినిట్స్‌లో సంతకం పెట్టించుకుంటే సరిపోదు. విరాళాలిచ్చే సంస్థల డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, చెక్ పవర్ ఎవరికుంది, ‘వద్దు’ అంటే ఆగుతుందా లేదా అన్నవి ముందే తేలాలి. వేట ఆపిన నెలల పరిహారం ఆపే ముందే చేతికి రావాలి, ఏడాది తర్వాత కాదు.

పత్రికలకు ఒక విన్నపం. ఇకపై ఏ రక్షిత ప్రాంతం గురించి వార్త వేసినా, ఎన్ని చదరపు కిలోమీటర్లన్న అంకె పక్కనే మూడు సంగతులు వేయండి. ఎవరి వేట, ఎవరి మేత ఎన్ని నెలలు ఆగుతుంది, పరిహారం అందిందా, నిర్వహణ బోర్డులో వాళ్ల సీట్లెన్ని. ప్రకటన చేసిన అధికారిని మీ విలేకరి అడగడానికి ఐదు నిమిషాలు చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు