నలుగురూ ఒకే జట్టుగా ఆడాలంటే

చిరంజీవి కన్నాకి,

అమ్మ ఆశీస్సులు. నలుగురూ కలిసి ఆడుకోవడానికి ఏ గేమ్‌లు బాగుంటాయని అడిగావు. ఒకరినొకరు ఓడించేవి వద్దు, అందరూ ఒకే పక్షాన ఉండేవే కావాలన్నావు. ఆ మాట నాకెంతో నచ్చింది. ఇద్దరు నీతో ఒకే గదిలో ఉంటారనీ, వాళ్ళలో ఒకమ్మాయి ఇంతవరకూ కంట్రోలర్ చేత పట్టలేదనీ, మూడోవాడు దూరంగా ఉన్నాడనీ కూడా రాశావు. అసలు సంగతి అక్కడే ఉంది నాన్నా. పేరున్న గేమ్‌ల జాబితా ఒకటి రాసి పంపితే నీకు పనికిరాదు. మీ నలుగురికి ఏది కుదురుతుందో చూడాలి.

నలుగురికీ ఒకేలాంటి తుపాకీ ఇచ్చి శత్రువుల మీదికి వదిలేస్తే, చెయ్యి తిరిగినవాడు ముందు దూసుకుపోతాడు, మిగతావాళ్ళు వాడి వెనక నడుస్తూ ఉంటారు. అలాంటిదాన్ని కలిసి ఆడటం అనడానికి నాకు మనసొప్పదు. ఒకరి దగ్గర ఉన్నది ఇంకొకరి దగ్గర ఉండకూడదు. అది సమాచారం కావచ్చు, పనిముట్టు కావచ్చు, ఆ క్షణంలో ఖాళీగా ఉన్న చెయ్యి కావచ్చు. అప్పుడే ఒకరినొకరు అడుగుతారు, పిలుస్తారు, ఎదురుచూస్తారు. గేమ్ ఎంచేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

రెండోది, కొత్తగా ఆడేవాళ్ళ కష్టం. అలవాటున్నవాళ్ళకి ఇది తోచదు. ఎడమ బొటనవేలితో నడుస్తూ కుడి బొటనవేలితో కెమెరా తిప్పడం చేతికి పట్టడానికి చాలా గంటలు పడుతుంది. అంతదాకా వాళ్ళు గోడల్నీ ఆకాశాన్నీ చూస్తూ ఉంటారు, మీరేమో "ఇటు రా, ఇటు రా" అని అరుస్తుంటారు. అందుకని ఆ అమ్మాయి ఉన్నప్పుడు మొదటి రోజుల్లో కెమెరా కదలని గేమ్‌లే పెట్టు. అసలు కంట్రోలరే అక్కర్లేనిదైతే ఇంకా మంచిది.

అలాంటిది ఒకటుంది: కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్. స్టీల్ క్రేట్ గేమ్స్ 2015లో తెచ్చింది. నలుగురికీ కలిపి ఒక్క కాపీ చాలు. తెర ముందు కూర్చున్నవాళ్ళకి బాంబు కనిపిస్తుంది, దాన్ని ఎలా విప్పాలో తెలియదు. మిగతావాళ్ళ దగ్గర 23 పేజీల మాన్యువల్ ఉంటుంది, బాంబు మాత్రం కనపడదు. మాన్యువల్ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రింటు తీసి పేజీలు పంచుకోండి. దూరంగా ఉన్నవాడు ఫోన్ కాల్‌లో ఉండి తన దగ్గరి మాన్యువల్ చదివితే సరిపోతుంది.

ఇందులో కొత్త జట్లు ఓడిపోయేది చాలావరకు వరస లేకపోవడం వల్లే. బాంబు కనపడగానే దాన్ని చుట్టూ తిప్పి కొన్ని సంగతులు ముందే చెప్పేయాలి: సీరియల్ నంబర్ చివరి అంకె సరా బేసా, అందులో ఇంగ్లీషు అచ్చు ఏదైనా ఉందా, బ్యాటరీలెన్ని, వెలుగుతున్న ఇండికేటర్ మీద ఏ అక్షరాలున్నాయి. మాన్యువల్ వైపు ఒకరు వీటిని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. లేకపోతే ప్రతి మాడ్యూల్ (బాంబులో విప్పాల్సిన ఒక్కో భాగం) దగ్గరా మళ్ళీ అడుగుతారు, బాంబు మళ్ళీ తిప్పాలి, టైమర్ కరిగిపోతుంది.

వైర్ల మాడ్యూల్ వచ్చినప్పుడు ముందు ఎన్ని వైర్లో చెప్పాలి, తర్వాత పైనుంచి కిందికి రంగులు. 3 వైర్లుంటే మాన్యువల్ ఇలా సాగుతుంది: ఎరుపు ఒక్కటీ లేకపోతే రెండోది కత్తిరించు. ఎరుపు ఉండి చివరిది తెలుపైతే చివరిది. అదీ కాక నీలం ఒకటి కంటే ఎక్కువుంటే చివరి నీలం. ఏదీ కాకపోతే చివరిది. పైనుంచి చదువుతూ మొదట సరిపోయిన నియమం దగ్గరే ఆగిపోవాలి. కిందిదాకా చదివేసి "ఇది కూడా సరిపోతోంది కదా" అని తికమక పడటం కొత్తవాళ్ళలో మామూలే. బటన్ మాడ్యూల్‌లో నొక్కి పట్టుకున్నప్పుడు పక్కన ఒక రంగు చార వెలుగుతుంది. నీలం వెలిగితే టైమర్‌లో ఎక్కడైనా 4 కనపడినప్పుడు వదలాలి. అంటే చార వెలిగాక "ఏ రంగు?" అని అడగడం మాన్యువల్ వైపు వాళ్ళ పని. వాళ్ళు మరిచిపోతే తెర ముందున్నవాళ్ళు బటన్ పట్టుకుని అలాగే కూర్చుంటారు.

వింత గుర్తుల మాడ్యూల్‌కి మీలో మీరు పేర్లు పెట్టుకోండి, ఒకసారి పెట్టిన పేరు మార్చకండి. ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలతో ఒక మాడ్యూల్ ఉంది, అక్కడ మాట పలకొద్దు, అక్షరం అక్షరం చెప్పండి. సాధారణంగా 3 తప్పులతో బాంబు పేలిపోతుంది. పైగా ప్రతి తప్పుకీ టైమర్ వేగం పెరుగుతుంది కాబట్టి "ఇంకో అవకాశం ఉందిలే" అన్న ధీమా పనికిరాదు. ప్రతి బాంబుకీ మనిషిని మార్చండి. మాన్యువల్ చదివినవాళ్ళు బాంబు దగ్గరికి వచ్చాక ఎదుటివాళ్ళకి ఏం చెప్పాలో బాగా తెలుస్తుంది.

ఆ తర్వాత ఓవర్‌కుక్డ్, అందరూ కలిసి వండి వడ్డించే ఆట. 2016లో వచ్చిన మొదటిదానిలో ఆన్‌లైన్ లేదు, ఒకే గదిలో ఉండి ఆడాలి. మీకు 2018లో వచ్చిన ఓవర్‌కుక్డ్ 2 గానీ, రెండూ కలిపి 2020లో తెచ్చిన ఆల్ యూ కెన్ ఈట్ గానీ కావాలి. ఆల్ యూ కెన్ ఈట్‌లో అసిస్ట్ మోడ్ ఉంది, ఆన్ చేస్తే సమయం ఎక్కువిస్తుంది, ఆర్డర్లు తొందరగా గడువు దాటిపోవు. కొత్త మనిషి ఉన్నప్పుడు అది వాడుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

కెమెరా కదలదు, ఒక స్టిక్కు, రెండు మూడు బటన్లు, అంతే. తిప్పలన్నీ వంటగదిలోనే ఉంటాయి. మొదటిసారి ఆడేవాళ్ళు ప్రతి ఒక్కరూ ఒక్కో వంటకం మొదటినుంచీ చివరిదాకా చేయబోతారు. నలుగురూ ఒకే బోర్డు దగ్గరికి, ఒకే సింక్ దగ్గరికి వచ్చి పడతారు. పనిని చోటు బట్టి పంచుకోండి: ఒకరు తరిగే బోర్డుల దగ్గర, ఒకరు పొయ్యి దగ్గర, ఒకరు ప్లేట్లూ సింకూ, ఒకరు వడ్డించే కిటికీ. కొన్ని లెవెళ్ళలో నేల మధ్యలో విడిపోతుంది. అప్పుడు ఎవరు ఏ వైపున చిక్కుకుంటే ఆ వైపు పనే వాళ్ళది. ఓవర్‌కుక్డ్ 2లో తరిగిన ముక్కల్ని అవతలికి విసరొచ్చు, ప్లేట్లని విసరలేం.

చాలామంది గమనించనిది ప్లేట్ల లెక్క. అవి కొన్నే ఉంటాయి. వడ్డించినవి కాసేపటికి మురికిగా తిరిగొస్తాయి, కడిగేవాళ్ళు లేకపోతే వంటంతా సిద్ధంగా ఉన్నా పెట్టడానికి ప్లేటు ఉండదు. ఆ పని చిన్నదని కొత్తవాళ్ళకి అంటగట్టొద్దు, మంచి స్కోరు వచ్చేదీ పోయేదీ అక్కడే. ఓవర్‌కుక్డ్ 2లో ఆర్డర్లు వచ్చిన వరసలో వడ్డిస్తే టిప్ గుణకం పెరుగుతూ 4 దాకా వెళ్తుంది. వరస తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి ఎడమ చివరి ఆర్డర్ ఏమిటో గట్టిగా చదివే బాధ్యత ఒకరికి ఇవ్వు. పొయ్యి మీద హెచ్చరిక గుర్తు మెరుస్తుంటే మిగతావన్నీ వదిలి గిన్నె దించాలి, మంట పక్క పొయ్యికి అంటుకుంటుంది. మంటలార్పే సిలిండర్ ఎక్కడుందో లెవెల్ మొదట్లోనే చూసుకోండి.

ఇద్దరే ఉన్న సాయంత్రాలకి ఇట్ టేక్స్ టూ. హేజ్‌లైట్ వాళ్ళది, 2021లో వచ్చి ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్ అందుకుంది. ఒంటరిగా ఆడే వీలే లేదు. ఒక అధ్యాయంలో ఒకరికి మేకులు, ఇంకొకరికి సుత్తి: మేకు గోడకి దిగితేనే రెండోవాళ్ళు సుత్తితో దానికి వేలాడి దాటగలరు. ఇంకో చోట ఒకరు జిగురు చల్లితే ఇంకొకరు అగ్గిపుల్ల పేల్చి దాన్ని అంటించాలి. నేను పైన చెప్పినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్ళు ఫ్రెండ్స్ పాస్ ఉచితంగా దించుకుని చేరొచ్చు. ఒక్క మాట, అది విడిపోబోతున్న భార్యాభర్తల కథ, వాళ్ళ చిన్నపిల్ల బాధ అందులో ఉంటుంది. అది తెలిసే మొదలుపెట్టండి. అదే స్టూడియో 2025లో తెచ్చిన స్ప్లిట్ ఫిక్షన్‌లో పీసీ వాళ్ళూ కన్సోల్ వాళ్ళూ కలిసి ఆడొచ్చు. కాస్త చెయ్యి తిరిగాక అది చూడండి. తీరిగ్గా ఆలోచించే జోడీకైతే 2011 నాటి పజిల్ గేమ్ పోర్టల్ 2 ఇప్పటికీ సాటిలేనిది. ఇద్దరూ ఒకేసారి అడుగు వేయాల్సిన చోట నోటితో లెక్కపెట్టకండి, కాల్‌లో మాట ఆలస్యంగా వినిపిస్తుంది. గేమ్‌లోనే కౌంట్‌డౌన్ గుర్తు ఉంది, దాన్ని వాడండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది డీప్ రాక్ గెలాక్టిక్. నలుగురు మరుగుజ్జులు గనుల్లో దిగి ఖనిజం తవ్వి తెచ్చే ఆట. ఘోస్ట్ షిప్ గేమ్స్ 2020లో పూర్తిస్థాయిలో విడుదల చేసింది. ఇందులో కెమెరా తిప్పాలి, కాబట్టి ఆ అమ్మాయికి చెయ్యి కుదిరాక పెట్టు. నాలుగు రకాల పాత్రలున్నాయి. స్కౌట్ తాడు విసిరి ఎత్తుకి ఎగబాకుతాడు, గుహంతా వెలిగే దీపాలు పేలుస్తాడు. ఇంజనీర్ గోడకి అంటుకునే పలకలు పేలుస్తాడు. డ్రిల్లర్ రాయిలో సొరంగం తొలుస్తాడు, గన్నర్ లోయకి అడ్డంగా జిప్‌లైన్ వేస్తాడు. ఎత్తున ఖనిజం కనిపిస్తే ఇంజనీర్ దాని కింద పలక వేయాలి, స్కౌట్ తాడుతో దాని మీదికి చేరి తవ్వాలి. పలక లేకుండా స్కౌట్ ఎగిరితే తవ్వేలోపే జారి పడిపోతాడు, ఆ ఎత్తునుంచి పడితే ప్రాణం మీదికొస్తుంది. లేజర్ పాయింటర్‌తో చూపిస్తే అది ఏ ఖనిజమో అందరి తెరమీదా పడుతుంది, "అదిగో అక్కడ" అని అరవాల్సిన పనిలేదు.

గొడవలు వచ్చేది మందుగుండు దగ్గర. నైట్రా అనే ఖనిజం 80 పోగైతే మందుగుండు తెచ్చే సరఫరా పాడ్‌ని పిలవొచ్చు. అందులో 4 పెట్టెలుంటాయి, ఒక్కోటి సగం మందుగుండు నింపుతుంది. నలుగురున్నప్పుడు మనిషికి ఒకటి. అడగకుండా రెండోది తీసుకుంటే పక్కవాడు పెద్ద దాడి మధ్యలో ఖాళీ తుపాకీతో నిలబడతాడు. కాబట్టి ఎర్రగా మెరిసే నైట్రా కనపడితే ఏ పనిలో ఉన్నా ముందు అది తవ్వండి. స్నేహితుల తూటాలు కూడా తగులుతాయని మరవొద్దు, డ్రిల్లర్ పేల్చే బాంబు మరీను. పేల్చే ముందు చెప్పడం అలవాటు చేసుకోండి. హజార్డ్ అంటే కష్టం స్థాయి, 2తో మొదలుపెట్టండి, 3కి తొందరపడొద్దు. పని ముగిశాక బటన్ నొక్కితే తిరుగు ప్రయాణానికి సమయం లెక్క మొదలవుతుంది, కాబట్టి అందరూ దగ్గర ఉన్నారా, మందుగుండు నింపుకున్నారా చూసుకునే ఆ బటన్ నొక్కాలి. ఒక్కరు ప్రాణంతో, తిరిగి తీసుకెళ్ళే పాడ్‌లోకి చేరినా మిషన్ గెలిచినట్టే. పడిపోయినవాడి కోసం అందరూ వెనక్కి పరుగెత్తి అక్కడే చిక్కుకోవడం కంటే ఒకరు పాడ్ దగ్గర నిలబడటం మేలు.

కబుర్లు చెప్పుకుంటూ ఆడాలంటే స్టార్‌డ్యూ వ్యాలీ, కలిసి పొలం సాగుచేసే ఆట. ఆటలో ఒక రోజు అంటే బయట 14 నిమిషాలు, ఉదయం 6 నుంచి రాత్రి 2 దాకా. ఒంటరిగా ఆడేటప్పుడు మెనూ తెరిస్తే సమయం ఆగుతుంది, నలుగురిలో ఆగదు. రాత్రి 2 కాకముందే రోజు ముగియాలంటే అందరూ పడుకోవాలి. డబ్బు మొదట ఉమ్మడిగా ఉంటుంది, విత్తనాలకని దాచిన 2000తో ఒకరు పెద్ద సంచి కొనేస్తే పంటకి ఏమీ మిగలదు. ఖర్చుకి ముందు అడగడం అన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి. ఋతువుకి 28 రోజులే. కాలీఫ్లవర్‌కి 12 రోజులు పడుతుంది కాబట్టి ఎరువు లేకుండా 16వ తేదీ దాటాక నాటితే ఋతువు మారగానే చచ్చిపోతుంది. ఒక లోపం ఏమిటంటే పొలం హోస్ట్ (ఆటని మొదలుపెట్టి మిగతావాళ్ళని పిలిచే మనిషి) కంప్యూటర్లోనే ఉంటుంది, ఆ మనిషి లేని రోజున మిగతావాళ్ళు ఆ పొలంలో ఆడలేరు. ఎక్కువ తీరిక ఉన్నవాళ్ళనే హోస్ట్ చెయ్యండి.

మైన్‌క్రాఫ్ట్ గురించి నీకు నేను చెప్పేదేముంది. జావా, బెడ్‌రాక్ అనే దాని రెండు రకాలు ఒకదానితో ఒకటి కలవవు, అందరూ ఒకే రకం ఆడాలి. చచ్చిపోతే కింద పడిన సామాను దగ్గర్లో ఎవరైనా ఉంటే 5 నిమిషాల్లో మాయమవుతుంది, దూరంగా ఉంటే ఆ లెక్క ఆగి ఉంటుంది. కాబట్టి కంగారుగా పరుగెత్తకు, దారి చూసుకుని వెళ్ళు.

కొనే ముందు దూరంగా ఉన్నవాడు ఎందులో ఆడతాడో కనుక్కో. డీప్ రాక్‌ని స్టీమ్‌లో (పీసీ గేమ్‌ల ఆన్‌లైన్ దుకాణం) కొన్నవాళ్ళు ఎక్స్‌బాక్స్ వాళ్ళతో కలవలేరు, ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒకే గదికి మాత్రమే చేసిన గేమ్‌లకి స్టీమ్‌లో రిమోట్ ప్లే టుగెదర్ ఉంది: ఒకరు కొంటే చాలు, మీ తెర అతనికి వీడియోగా వెళ్తుంది, అతని బటన్లు మీ కంప్యూటర్‌కి వస్తాయి. నీ వైపు అప్‌లోడ్ వేగం తక్కువైతే అతనికి బొమ్మ చెదురుతుంది, వైఫై బదులు కేబుల్ పెట్టు. క్షణంలో దూకాల్సిన ఆటలకి ఆ ఆలస్యం పనికిరాదు.

ఒకే గదిలో ముగ్గురూ విడివిడిగా మైక్‌లు ఆన్ చేస్తే దూరంగా ఉన్నవాడికి ప్రతి మాటా రెండుసార్లు, కీచుమంటూ వినిపిస్తుంది. గదికి ఒక్క మైక్ ఉంచి మిగతావి ఆపండి, లేదా అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని మాట్లాడేటప్పుడే మైక్ తెరవండి.

ఇంకొక్కటి, ఇది నీకే చెప్తున్నాను రా కన్నా. మీ నలుగురిలో నువ్వే ఎక్కువ ఆడినవాడివి. పజిల్ చూడగానే నీకు జవాబు తెలుస్తుంది, చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకు. వాళ్ళు అడిగినప్పుడు కూడా ముందు "ఆ తలుపు పక్కన ఏముందో చూశారా?" లాంటి ఒక్క ప్రశ్న వెయ్యి. ఆ అమ్మాయి చేతిలోంచి కంట్రోలర్ మాత్రం ఎప్పుడూ తీసుకోకు, ఒక్క కష్టమైన గెంతు దాటించడానికైనా సరే.

మీరంతా ఏ మెషీన్ల మీద ఆడుతున్నారో, కంట్రోలర్లు ఎన్ని ఉన్నాయో రాస్తే వీటిలో మొదట ఏది కొనాలో వెంటనే చెప్తాను.

ప్రేమతో,
అమ్మ